షేన్ మెక్‌గావన్ దారిలో: కింగ్స్ క్రాస్ నుంచి షానన్ నది దాకా

నవంబర్ 28, లండన్

కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి గ్రేస్ ఇన్ రోడ్డులోకి తిరిగితే కాస్త దూరంలో వాటర్ ర్యాట్స్ అని ఒక పబ్బు ఉంది. బయటి నుంచి చూస్తే లండన్‌లో వీధికొకటి కనిపించే పబ్బే. దీని పాత పేరు పిండార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్. బాబ్ డిలన్ మొదటిసారి ఇంగ్లండ్ వచ్చినప్పుడు, 1962లో, ఇక్కడ పాడాడు. నేను వెళ్లింది ఆయన కోసం కాదు. 1982 అక్టోబర్ 4న ఇదే పబ్బులో కొంతమంది కుర్రకారు బాంజో, అకార్డియన్, టిన్ విజిల్ (రేకు పిల్లనగ్రోవి) పట్టుకొచ్చి, ఐరిష్ జానపదాలను పంక్ రాక్ వేగంతో ఉతికి ఆరేశారు. అప్పటికి వాళ్ల బ్యాండ్ పేరు ఐరిష్ భాషలో ఒక బూతు. రేడియోలో అభ్యంతరాలు వచ్చాక దాన్ని సగానికి కోసి ద పోగ్స్ అని పెట్టుకున్నారు. మధ్యలో మైకు పట్టుకుని నిలబడ్డవాడు షేన్ మెక్‌గావన్. పళ్లు సగం ఊడిపోయి, చెవులు డొప్పల్లా, నోట్లో ఎప్పుడూ సిగరెట్టు. ఇలాంటివాడు స్టార్ ఎలా అయ్యాడా అనిపించే మొహం.

నాకు మందు అలవాటు లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఈ యాత్రంతా పబ్బుల చుట్టూ తిరుగుతుంది, మూడు దేశాల్లో ఉన్న మా బంధువులకు దీన్ని సర్దిచెప్పడానికే నాకు చాలా టైమ్ పట్టింది. వాటర్ ర్యాట్స్‌లో లైమ్ సోడా తీసుకుని ఒక మూల కూర్చున్నాను. లోపలి గదిలో ఆ రాత్రి వాయించే బ్యాండ్ సౌండ్ చెక్ చేసుకుంటోంది. బార్ దగ్గరి అమ్మాయిది బ్రెజిల్ అట. పోగ్స్ అనగానే "ఆ క్రిస్మస్ పాట వాళ్లేనా?" అంది. 

అవును, వాళ్లే. ప్రపంచంలో చాలామందికి షేన్ అంటే ఆ ఒక్క పాటే, ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్. క్రిస్మస్ ముందు రాత్రి పోలీసుల లాకప్పులో పడి ఉన్న తాగుబోతు, అతనూ అతని మనిషీ ఒకరినొకరు తిట్టుకునే తిట్లు. 1987లో గాయని కర్స్టీ మెక్‌కాల్‌తో కలిసి పాడాడు. ఐర్లండ్‌లో నంబర్ వన్, బ్రిటన్‌లో పెట్ షాప్ బాయ్స్ అనే బ్యాండ్ పాట అడ్డంపడటంతో రెండో స్థానం. ఆ పాట పూర్తవడానికి రెండేళ్లు పట్టిందన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బాంజో వాయించే జెమ్ ఫైనర్ ఒక ట్యూను, ఒక కథ తేవడం, షేన్ దాన్ని మార్చడం, మళ్లీ మొదటికి రావడం, ఇలా. తాగిన మత్తులో ఒక్క రాత్రిలో కాగితం మీద ఒలికిపోయిన పాట కాదది. ఈ సంగతి తెలిశాకే నాకు ఈ మనిషి మీద అసలు ఆసక్తి మొదలైంది. తాగుబోతుల కథలు మన దగ్గర తక్కువా?

ఇంకో సంగతి కూడా కింగ్స్ క్రాస్‌లో నిలబడితేనే అర్థమవుతుంది. షేన్ పుట్టింది ఐర్లండ్‌లో కాదు. 1957 డిసెంబర్ 25న ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టాడు. చిన్నప్పుడు కొన్నేళ్లు ఐర్లండ్‌లోని టిప్పరరీలో తల్లి తరఫు వాళ్ల పొలంలో పెరిగి, ఆరేళ్లప్పుడు మళ్లీ ఇంగ్లండ్ వచ్చేశాడు. బాగా చదివి స్కాలర్‌షిప్‌తో వెస్ట్‌మినిస్టర్ స్కూల్లో సీటు కొట్టాడు, మాదకద్రవ్యాలతో దొరికితే అక్కడి నుంచి గెంటేశారు. 1974లో బర్మింగ్‌హామ్‌లో ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్‌ఏ బాంబులు పేలాక ఇంగ్లండ్‌లో ఐరిష్ యాస వినిపిస్తే చాలు జనం అనుమానంగా చూసే రోజులు వచ్చాయి. పిల్లలు బస్సులో అమ్మానాన్నల్ని గట్టిగా మాట్లాడొద్దనేవాళ్లట. అలాంటి చోట ఈ కుర్రాళ్లు అదే యాసను మైకు పెట్టి అరిచారు. ఆ పేలుళ్ల కేసులో, చేయని నేరానికి పదహారేళ్లు జైల్లో మగ్గిన ఆరుగురు, బర్మింగ్‌హామ్ సిక్స్ మీద 1988లో వీళ్లు పాట కడితే బ్రిటన్‌లో దాని ప్రసారాన్ని నిషేధించారు. ఆ ఆరుగురు 1991లో నిర్దోషులుగా బయటికొచ్చారు.

రాత్రి భోజనం డ్రమ్మండ్ స్ట్రీట్‌లో. యూస్టన్ స్టేషన్ పక్కనే ఉన్న ఈ వీధిలో దోసెలు దొరుకుతాయని లండన్‌లో ఏ తెలుగువాళ్లనడిగినా చెబుతారు. మసాలా దోసెకి పది పౌండ్ల పైచిలుకు. సాంబారు తియ్యగా ఉంది. చట్నీ గురించి మాట్లాడను.

నవంబర్ 29, ట్రినిటీ బోయ్ వార్ఫ్

ఇది ప్లాన్‌లో లేదు. రాత్రి స్నేహితురాలు చెప్పింది, జెమ్ ఫైనర్ కట్టిన ఇంకో పాట థేమ్స్ ఒడ్డున ఒక లైట్‌హౌస్‌లో మోగుతోంది, శనాదివారాల్లో తెరుస్తారు, వెళ్లి చూడమని.

ఈస్ట్ ఇండియా స్టేషన్‌లో దిగి నడిచాను. ఫోనులోని మ్యాప్ నన్ను ఒక గోడౌన్ గేటు దగ్గరికి తీసుకెళ్లి వదిలేసింది. అక్కడి సెక్యూరిటీ ఆయన సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీ. నన్ను చూసి హిందీలో మొదలుపెట్టి, నా హిందీ విని ఇంగ్లిష్‌లోకి మారి, "పాట మోగే ఇల్లేగా? రోజుకొకరైనా ఇలాగే వస్తారు" అంటూ చేత్తో దారి చూపించాడు.

లండన్‌లో ఉన్న ఒకే ఒక లైట్‌హౌస్ ఇది. ఒకప్పుడు మైకేల్ ఫారడే ఇక్కడ దీపాల మీద ప్రయోగాలు చేశాడు. చెక్కమెట్లు ఎక్కి పైకెళ్తే గుండ్రటి చిన్న గది, చుట్టూ కిటికీలు, కింద నది. టిబెటన్ గిన్నెల మోతతో ఇరవై నిమిషాల ఇరవై సెకన్ల ముక్కొకటి రికార్డు చేసి, దాన్ని కంప్యూటర్‌తో రకరకాలుగా జరుపుతూ, ఎక్కడా రిపీట్ కాకుండా వెయ్యేళ్లు మోగేలా కట్టాడు ఫైనర్. పేరు లాంగ్‌ప్లేయర్. 1999 డిసెంబర్ 31న మొదలైంది, 2999 చివర ముగుస్తుంది. టికెట్ లేదు. డబ్బా ఉంది, రెండు పౌండ్లు వేశాను.

నాతోపాటు ఒక ముసలి జంట, నిద్రపోతున్న పసిబిడ్డతో ఒక నాన్న. ఎవరూ మాట్లాడలేదు. గుళ్లో గంట కొట్టాక మిగిలే మోత ఉంటుందే, ఆ మోతే ఆగకుండా సాగుతున్నట్టుంది. ఈ మనిషేనా షేన్ పక్కన నిలబడి ప్రాణం పోయేలా బాంజో వాయించింది అనిపించింది. పోగ్స్ అంటే ఒక తాగుబోతు, అతని వెనక అల్లరిమూక అనుకునేవాళ్లు ఈ గదిలో ఒక గంట కూర్చుంటే చాలు. ఫైనర్, విజిల్ వాయించే స్పైడర్ స్టేసీ, అకార్డియన్ పట్టిన జేమ్స్ ఫియర్న్లీ, వీళ్లు ముగ్గురూ ఇంగ్లిష్‌వాళ్లే. ఇదేం ఐరిష్ సంగీతమని డబ్లిన్ పెద్దమనుషులు కొందరు ముక్కు విరిచారు కూడా. కానీ 1987లో ఆ ఊరి పెద్ద బ్యాండ్ ద డబ్లినర్స్ వాళ్లే వచ్చి వీళ్లతో కలిసి ఒక పాత పాట రికార్డు చేశారు, అది బ్రిటన్‌లో టాప్ టెన్‌లోకి ఎక్కింది. ఆ తర్వాత ముక్కులు కాస్త సర్దుకున్నాయి.

నవంబర్ 30, డబ్లిన్

షేన్ పోయింది 2023లో ఇదే తేదీన. నేను తేదీ చూసుకునే వచ్చాను కానీ ఊరికి ఆ పట్టింపేమీ లేదు, క్రిస్మస్ షాపింగ్‌లో మునిగి ఉంది. అంత్యక్రియల రోజు, డిసెంబర్ 8న, గుర్రాల బండిలో శవపేటికను ఈ వీధుల్లోనే తిప్పారు. వెస్ట్‌ల్యాండ్ రో పేవ్‌మెంట్ల మీద వేలమంది నిలబడి పాటలు పాడారు. నేను వెళ్లిన పూట అక్కడ చినుకులు, బస్సుల కోసం నిలబడ్డ జనం, అంతే.

చెల్లెలు ఉండేది లూకన్‌లో. తెలుగువాళ్లు బాగా ఉన్న పేట. దాని కూతురు అయిదో క్లాసు. ఇక్కడి స్కూళ్లలో చాలాచోట్ల పిల్లలకి టిన్ విజిల్ నేర్పిస్తారు, ఐరిష్ భాష కూడా. నేను షేన్ కోసం వచ్చానని తెలిసి, సంచిలోంచి పచ్చ మూతి ఉన్న విజిల్ తీసి డర్టీ ఓల్డ్ టౌన్ వాయించి వినిపించింది. పోగ్స్ వల్ల అందరూ అది డబ్లిన్ పాటే అనుకుంటారు. నిజానికి కర్స్టీ నాన్న ఇవాన్ మెక్‌కాల్ ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్ గురించి రాసింది. రెండో చరణం దగ్గర అది ఆగి, "పెద్దమ్మా, ఈ పై నోట్‌కి గట్టిగా ఊదాలి, డాడీకి తలనొప్పి వస్తుంది" అంది. మా మరిది నిజంగానే వంటింట్లోకి వెళ్లిపోయాడు. లాకప్పు పాట కూడా వాయించవే అంటే, "దాంట్లో బ్యాడ్ వర్డ్స్ ఉన్నాయి, మా టీచర్ ట్యూన్ మాత్రమే నేర్పింది" అంది. నిజమే, ఆ తిట్లు తీసేయాలా ఉంచాలా అని బీబీసీలో చాలా డిసెంబర్లలో రగడ జరిగింది.

సాయంత్రం మెర్రియన్ రోలోని ఓ'డొనహ్యూస్. డబ్లినర్స్ 1960ల్లో మొదలైన పబ్బు ఇదే. ఇక్కడి సెషన్ (పబ్బులో కూడి వాయించుకోవడం) మర్యాదలు మా మరిది దారిలోనే చెప్పాడు. కిటికీ పక్క టేబుల్ వాయించేవాళ్లది, ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు. వాయించేటప్పుడు మాట్లాడుకోవచ్చు, పర్లేదు. కానీ వాయిద్యం లేకుండా ఎవరైనా గొంతెత్తితే మాత్రం నోరు మూసుకోవాలి. అది కళ్లారా చూశాను. కొబ్బరి పీచు రంగు స్వెటర్ వేసుకున్న ఒకాయన ఉన్నట్టుండి కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. గ్లాసులు కడుగుతున్న కుర్రాడు కుళాయి కట్టేశాడు. అప్పటిదాకా ఫుట్‌బాల్ గురించి అరుచుకుంటున్న గుంపు ఎక్కడి మాట అక్కడ మింగేసింది. పాట అయ్యాక చప్పట్లు రెండు సెకన్లే, వెంటనే మళ్లీ ఫుట్‌బాల్.

మరిదికి గిన్నిస్, నాకు టీ. గిన్నిస్ ముప్పావు వంతు పోసి పక్కన పెడతారు, నురగ తేరుకున్నాక మిగతాది నింపుతారు. తొందరపెడితే చిన్నచూపు చూస్తారు. పైంటు (పెద్ద గ్లాసు) ఏడు యూరోలకు కాస్త తక్కువ, టీ మూడు. పబ్బులో టీ అడిగితే నవ్వుతారేమో అని నాకు కాస్త టెన్షన్‌గా ఉండింది. నవ్వలేదు సరికదా, టీపాట్, పాల జగ్గు, రెండు బిస్కెట్లతో ట్రే నిండా తెచ్చిచ్చారు. వెనక్కొస్తూ చైనీస్ టేక్‌అవేలో స్పైస్ బ్యాగ్ కొన్నాం. కాగితం సంచిలో చిప్స్, చికెన్ ముక్కలు, ఎర్ర మిరపకాయలు, ఉల్లిపాయ వేసి మసాలాతో ఊపి ఇస్తారు. ఐర్లండ్ కనిపెట్టిన వాటిలో నా ఓటు దీనికే.

డిసెంబర్ 1, నీనా

టిప్పరరీ కౌంటీలో చిన్న టౌను. మధ్యలో నార్మన్ల కాలపు గుండ్రటి కోట బురుజు, ఎనిమిది వందల ఏళ్ల నాటిది, తలుపు వేసి ఉంది. దానికి దగ్గర్లోనే సెయింట్ మేరీ ఆఫ్ ద రోజరీ చర్చి. షేన్ అంత్యక్రియలు ఇక్కడే జరిగాయి. వీడియో మీరు చూసే ఉంటారు. నిక్ కేవ్ పియానో మీద పాడటం, అప్పటి దేశాధ్యక్షుడు మైకేల్ డి. హిగిన్స్ ముందు వరసలో కూర్చోవడం, గ్లెన్ హాన్సార్డ్, లిసా ఓ'నీల్ ఆ క్రిస్మస్ పాట అందుకుంటే కుటుంబసభ్యులు లేచి శవపేటిక ముందే డాన్స్ చేయడం. నేను వెళ్లేసరికి చర్చిలో ఒక్కావిడ కొవ్వొత్తుల మైనం గీకుతోంది. ఎక్కడి నుంచి అంది. హైదరాబాద్ అన్నాను. "అబ్బో, ఆ రోజు నువ్విక్కడ ఉండాల్సింది, నిలబడటానికి చోటు లేదు, మా ఫాదర్ పాపం ఎన్ని ప్రార్థనలు చేయించాడో జన్మలో, ఇలాంటిది చూడలేదు" అని, గీకడం ఆపకుండానే చెప్పుకొచ్చింది.

బస చేసిన ఇంటావిడది ఇంకో ధోరణి. గది, టిఫిన్ కలిపి ఎనభై అయిదు యూరోలు. పొద్దున్నే పళ్లెంలో గుడ్డు, సాసేజీ, నల్లటి బిళ్లలు రెండు. బ్లాక్ పుడింగ్, అంటే పంది రక్తం, ఓట్స్ కలిపి వండింది. ఒకటి తిన్నాను, ఉప్పగా, మిరియాల ఘాటుతో బాగానే ఉంది, రెండోది ధైర్యం చాల్లేదు. ఆవిడ చేసిన సోడా బ్రెడ్ మాత్రం నాలుగు ముక్కలు లాగించాను. ఇక్కడి వెన్న పసుపుపచ్చగా ఉంటుంది, కత్తికి అంటితే జారదు.

షేన్ ఎక్కడ తాగేవాడు అని అడుగుతూ వచ్చేవాళ్లంటే ఆవిడకి చిరాకు. "వాళ్లమ్మ థెరీస్ ఎలా పాడేదో ఎవరూ అడగరు. ఆ పిల్లాణ్ణి వంటింటి బల్ల ఎక్కించి పాడించేవాళ్లు, మూడేళ్లకే. అది అడగరు. ఏ బార్ అనే అడుగుతారు." అయిదారేళ్ల వయసులోనే తనకు ఇంట్లోవాళ్లు బీరు పట్టేవాళ్లని షేనే ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పేవాడు, ఆ కథ ఎత్తితే ఆవిడ పెదవి విరిచింది. "ఆ నవ్వు ఖరీదు ఎంతో చూశాంగా."

నేను ఆవిడ పక్షమే. లెక్క చూస్తే తెలుస్తుంది. 1984 నుంచి 1990 లోపు పోగ్స్‌తో అయిదు ఆల్బమ్‌లు, వాటిలో 1985, 1988 నాటివి రెండూ అసలు సరుకు. 1991లో జపాన్ టూర్ మధ్యలో సొంత బ్యాండ్‌వాళ్లే, ఇక భరించలేక, పంపించేశారు. తర్వాత పోప్స్ అని ఇంకో బ్యాండ్‌తో రెండు ఆల్బమ్‌లు, 1997తో అదీ సరి. పోయింది 2023లో. మిగతా పాతికేళ్లూ ఆయన తన పాత పాటలే పాడుకున్నాడు. 2001లో పోగ్స్ మళ్లీ కలిసినా కొత్త పాటల ఆల్బమ్ రాలేదు. తాగబట్టే అంత గొప్పగా రాశాడనేవాళ్లు ఈ పాతికేళ్లకి ఏం జవాబు చెబుతారో నాకు తెలియదు. 2015లో పడి కటి ఎముక విరిగితే చివరిదాకా చక్రాల కుర్చీనే. అదే ఏడు పళ్లు మొత్తం కొత్తవి కట్టించుకున్నాడు, ఒక బంగారు పన్నుతో సహా. ఆ పన్ను ఫోటో చూస్తే మాత్రం నాకూ నవ్వొస్తుంది, ఏం చేయను.

డిసెంబర్ 2, కార్నీ, డ్రొమినీర్

షేన్ పెరిగిన పొలం నీనాకి ఉత్తరాన కార్నీ వైపు ఉంది, ద కామన్స్ అంటారు. బస్సు లేదు. టాక్సీ ఆయన అటూ ఇటూ తిప్పి, ఆగినచోట ఆగి, అరవై యూరోలకి ఒప్పుకున్నాడు. ఈ పల్లెటూరి రోడ్లు ఒక కారు పట్టేంతే, రెండు వైపులా మనిషెత్తు పొద. ఎదురుగా ఎవరొచ్చినా స్టీరింగ్ మీద చెయ్యి తీయకుండా చూపుడువేలు ఒక్కటి లేపుతారు, అదే పలకరింపు. కాసేపటికి నేనూ పక్క సీట్లోంచి వేలు లేపడం మొదలెట్టాను. ఒకచోట ఆయన మలుపు దాటిపోయి ఎవరిదో పాలకొట్టం ముందు తేలాం. ట్రాక్టర్ మీద ఉన్న ముసలాయన దిగొచ్చి, దారి చెప్పకముందే, టాక్సీ ఆయన తండ్రి ఎవరు, ఏ ఊరు, ఫలానావాళ్లకి ఏమవుతాడు అన్నీ ఆరా తీశాడు. పది నిమిషాలు. చుట్టరికం తేలాకే దారి చెప్పాడు. నాకు మా తాతగారి ఊళ్లో అరుగు దగ్గర ఉన్నట్టే ఉంది.

ఆ ఇంటి దగ్గర టాక్సీ స్లో చేశాడు కానీ ఆపలేదు. "చూశావుగా. మనుషులుండే చోటు, దిగి ఫోటోలు తీస్తే బాగోదు." సరే అన్నాను. గేటు, తడిసిన పొలం, ఆవులు. షానన్ మీద షేన్ రాసిన పాటలో ఈ చుట్టుపక్కల ఊళ్ల పేర్లే వరసగా వస్తాయి, ఫిన్నో, షిన్‌రోన్. దారిలో ఆ బోర్డులు కనిపిస్తుంటే, లండన్‌లో గది అద్దెకుండే కుర్రాడు ఈ పేర్లన్నీ ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాడో అనిపించింది. ఇక్కడే ఉండిపోయుంటే రాసేవాడా? నాకైతే అనుమానమే. దుబాయ్ వెళ్లినవాళ్లు కట్టిన పాటల్లోనే కదా మన పల్లెలు అంత పచ్చగా ఉండేది.

తన బూడిదను షానన్‌లో కలపాలన్నది షేన్ కోరిక. మా వైపూ అంతే, గోదావరిలోనో కృష్ణలోనో కలుపుతాం అని టాక్సీ ఆయనతో అన్నాను. ఆయన ఆలోచించి, "చేపలు పట్టేవాళ్లు ఏమీ అనరా?" అని అడిగాడు, సీరియస్‌గానే.

డ్రొమినీర్‌లో షానన్ నది లాఫ్ డెర్గ్ అనే సరస్సుగా వెడల్పవుతుంది. ఒడ్డున మొండిగోడల కోట, కట్టేసిన పడవలు, ముక్కు ఊడిపోయే చలిగాలి. రెండు నిమిషాలు నిలబడి పబ్బులోకి పరుగెత్తాం. కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్, ఎనిమిది యూరోలు. పక్క టేబుల్ ఆయన నేను ఎక్కడి నుంచి, ఎందుకు వచ్చాను కనుక్కుని, నవ్వి, లేచి వెళ్లాడు. కాసేపటికి అడక్కుండానే నా ముందుకి ఇంకో టీపాట్ వచ్చింది, ఆయన డబ్బులు కట్టేశాడట. ఇక్కడ ఒకరు ఇప్పిస్తే తిరిగి ఇప్పించకుండా వెళ్లడం అమర్యాద. బార్ దగ్గరికెళ్లి ఆయనకొకటి పోయమన్నాను. గ్లాసు ఇంకా నిండుగానే ఉందన్నాడు బార్ ఆయన. అయినా వదల్లేదు, ఆరు యూరోలు కౌంటర్ మీద పెట్టాను. ఆయన పైంటు రేటు అయిదున్నరే అని అర యూరో తిరిగిచ్చి, ఒక చీటీ మీద ఏదో గీకి క్యాష్ రిజిస్టర్‌కి అంటించాడు. "ఇండియా ఆవిడ టీకి బదులు అని రాశాను, శుక్రవారం వచ్చినప్పుడు పోస్తాను" అన్నాడు.